ఐసుపెట్టె ఇంటికి దారి

తిరుపతి నుంచి వచ్చామని తెలియగానే ఏలూరులో మా వీధివాళ్ళు వరసగా వచ్చి లడ్డూ కళ్ళకద్దుకుని, దర్శనం బాగా జరిగిందా అని అడిగి వెళ్ళారు. బాగానే జరిగింది. కానీ ఐదు రోజుల యాత్రలో దర్శనానికి పోయింది ఒక్క రోజే. మిగతా నాలుగు రోజులూ ఏం చేశారని ఒక్కరూ అడగలేదు. అడగకపోయినా చెప్పే అలవాటు నాకుంది కాబట్టి ఇది రాస్తున్నాను.

నేను ముప్పై రెండేళ్ళు ఫ్రిజ్‌లు బాగుచేసి బతికాను. షాపు మూసేశాక పాత ఫ్రిజ్‌లు పోగుచేయడం మొదలుపెట్టాను. పెరట్లో రేకుల షెడ్డు కింద ఇప్పటికి పదకొండు ఉన్నాయి. మా ఆవిడ సులోచన వాటిని నా పదకొండుమంది సవతులు అంటుంది. ఒక్కోదానికీ నోటుపుస్తకంలో ఒక పేజీ ఉంటుంది. ఎప్పటిది, ఎక్కడిది, ఎవరిది, అన్నీ రాసుకుంటాను.

పాత ఫ్రిజ్‌ను గుర్తుపట్టడం పెద్ద విద్యేం కాదు. భుజాలు గుండ్రంగా ఉన్నాయా, పలకలుగా ఉన్నాయా చూడాలి. తలుపు పిడి లాగితే గొళ్ళెం తీసినట్టు టక్కుమందంటే అది పాతకాలందే. అయస్కాంతం రబ్బరుతో మెత్తగా అతుక్కుందంటే తర్వాతిది. లోపల వేలితో తడితే ఇనుము మోగాలి, ప్లాస్టిక్ అయితే మొద్దుగా పలుకుతుంది. కళ్ళకు గంతలు కట్టినా చెప్పేస్తానని నా ధైర్యం. ఆ ధైర్యానికి తిరుపతిలో మొదటి రోజే దెబ్బ తగిలింది.

తిరుపతి

బస్టాండు దగ్గర పూల అంగళ్ళలో పాడైన ఫ్రిజ్‌లను వెల్లకిలా పడుకోబెట్టి, తడిగుడ్డ పరిచి, అందులో మల్లెమూరలు దాస్తున్నారు. మా వైపు పాడైన ఫ్రిజ్ బియ్యం డబ్బా అవుతుంది, లేకపోతే కోళ్ళ గూడు అవుతుంది. పూలకు వాడటం చూసి సులోచన మొదటిసారి ఒక ఫ్రిజ్‌ను మెచ్చుకుంది.

పాత ఇనుము అంగళ్ళ సందులో మునిరత్నం అనే పెద్దాయన రిపేరు షాపు ఉంది. డెబ్బై దాటిన మనిషి. నాలాంటివాడే కాబట్టి పావుగంటలో కలిసిపోయాం.

"ఏలూరా? అంత దూరం నుంచి ఈ పాత పెట్టెల కోసం వచ్చినారా సామీ?" అన్నాడు.

"దర్శనానికేనండి. ఈయనే దారి తప్పారు," అంది సులోచన.

ఆయన నవ్వి, ఫోన్లో ఒక ఫొటో తీసి నా చేతిలో పెట్టాడు. ఒక పాత ఫ్రిజ్ వెనక భాగం, చీకట్లో తీసింది. నల్లటి గొట్టాలు, కింద ఖాళీ. చూసీ చూడగానే చెప్పేశాను. "కంప్రెసర్ ఎవరో పీకేసుకుపోయారు. మిగిలింది ఒట్టి డొప్ప."

మునిరత్నం నా మొహం వైపు జాలిగా చూశాడు. "పీకేసింది కాదు సామీ. దానికి పుట్టుకతోనే కంప్రెసర్ లేదు. ఆడ కింద దీపం పెట్టల్ల."

నాకు తల తిరిగిపోయింది. కరెంటు లేని ఊళ్ళలో కిరసనాయిలు దీపంతో నడిచే ఫ్రిజ్‌లు ఉండేవని నేను షాపులో చేరిన కొత్తలో మా మేస్త్రి చెప్పేవాడు. అడుగున దీపం వెలుగుతుంటే పైన ఐసు కడుతుందట. ఇరవై ఏళ్ళుగా వెతుకుతున్నాను, ఒక్కటీ కంటపడలేదు. అలాంటిది చేతిలోకి వస్తే గుర్తుపట్టలేకపోయాను.

"ఇది యాడుందో అడగరా?" అన్నాడు మునిరత్నం.

"అడుగుతున్నాను," అన్నాను.

"నగరిలో. దొరసామి అని, మగ్గాల ఓనరు. అమ్మేస్తానంటా ఉండాడు."

చిత్తూరు

నగరికి పోయేముందు చిత్తూరులో ఒక పని ఒప్పుకుని ఉన్నాను. ఒక లాడ్జి యజమాని బ్రిటిష్ కాలం నాటి ఫ్రిజ్ ఉందని నెల రోజులుగా ఫోన్లు చేస్తున్నాడు. నలభై వేలు చెప్పాడు. వెళ్ళి చూస్తే దానికి పూలదండ వేసి, రిసెప్షన్ బల్ల పక్కన అలంకరించి పెట్టాడు. తలుపు తెరిచి వేలితో తట్టాను. మొద్దుగా పలికింది.

"లోపల ప్లాస్టిక్ ఉంది, రబ్బరులో అయస్కాంతం ఉంది. బ్రిటిష్‌వాళ్ళు వెళ్ళిపోయాక నలభై ఏళ్ళకు పుట్టిందండి ఇది," అన్నాను.

"మా తాత చెప్పినాడు గదబ్బా," అన్నాడాయన చిన్నబుచ్చుకుని.

"తాతగారు కొన్నప్పుడు మీరు చిన్నవాళ్ళై ఉంటారు."

కాసేపు లెక్కలు వేసుకుని, తన పెళ్ళి ఏడాదే కొన్నట్టు తనే ఒప్పుకున్నాడు. కోపం రాకపోగా మమ్మల్ని భోజనానికి తీసుకెళ్ళాడు. రాగిసంగటి, నాటుకోడి పులుసు, పచ్చి వేరుశనగ గింజలతో నూరిన ఊరిబిండి. మేం సంగటిని అన్నంలా నమలబోతే ఆయన ఆపాడు.

"నమల్తే నోట్లో అతుక్కుంటాది. పులుసులో ముంచి మింగల్ల." మింగాం. మా వైపు ముద్దపప్పు, ఆవకాయ ముద్దను నోట్లో అటూ ఇటూ తిప్పుకుని తింటాం. ఇక్కడ భోజనం పదినిమిషాల్లో అయిపోయింది, ఆకలి మాత్రం రాత్రి దాకా వెయ్యలేదు. ముగ్గురికి కలిపి మూడువందల అరవై. ఆయన ఇవ్వనివ్వలేదు.

నగరి

నగరిలో బస్సు దిగగానే ముందు చెవులకు పని. ప్రతి వీధిలోనూ పవర్‌లూమ్‌ల టకటక. మాట్లాడేవాళ్ళు సగం తెలుగు, సగం అరవం కలిపి, ఆ చప్పుడు మీదుగా గట్టిగా మాట్లాడతారు. కాఫీ పదిహేను రూపాయలు, ఇత్తడి గ్లాసులో నురగతో ఇచ్చారు. మా ఏలూరు కాఫీ గురించి ఇక ఏమీ మాట్లాడనని అక్కడే ఒట్టేసుకున్నాను.

దొరసామి ఫోన్లో చెప్పిన డోర్ నెంబరు పట్టుకుని మూడు సందులు తిరిగాం. ఎవరికీ తెలియలేదు. చివరికి అరుగు మీద నూలు ఆరేస్తున్న ఒకావిడ, "ఏం పనిమీద వచ్చినారు?" అని అడిగింది. పాత ఫ్రిజ్ చూడటానికన్నాను.

"ఓ, ఐసుపెట్టె ఇంటోళ్ళా? అట్ల జెప్పండి ముందే," అని పకపకా నవ్వి చెయ్యి చూపించింది.

దొరసామి గుమ్మంలోనే ఉన్నాడు. యాభై అయిదేళ్ళ మనిషి, చొక్కా మీద నూలు ధూళి. ఇల్లు ఎలా దొరికిందని అడిగితే నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. అతని మొహం మాడిపోయింది.

"ఆ పేరుతో అడిగినారా? డోర్ నెంబరు ఇచ్చినా గదా."

లోపలి నుంచి అతని అక్క మునెమ్మ వచ్చింది. అరవై దాటినావిడ. మేనమామనే చేసుకుంది కాబట్టి పుట్టిల్లు దాటి ఎదురింటికి వెళ్ళింది, అంతే. మగ్గాలు అక్కాతమ్ముళ్ళిద్దరూ కలిసి నడుపుతారు. "రాండన్నా, కూర్సో వదినా," అని మాకు చాప వేసింది.

ఫ్రిజ్ ఆగ్నేయం మూలలో ఉంది. నా ఛాతీ ఎత్తు. ఒకప్పటి తెలుపు ఇప్పుడు వెన్న రంగుకు తిరిగింది. గుండ్రటి భుజాలు, గొళ్ళెం పిడి. పేరు పలక ఉండాల్సిన చోట దళసరిగా పసుపూ కుంకుమా పేరుకుని ఉన్నాయి. ప్రతి ఆయుధపూజకూ మగ్గాలతో పాటు దీనికీ బొట్టు పెడతారట. గీకి చదువుతానంటే మునెమ్మ ఒప్పుకోలేదు. "అడుగున ఉండేది నాయన పెట్టిన బొట్టన్నా," అంది.

పలక అక్కర్లేదన్నాను. అడుగున చిన్న తలుపు తీస్తే కిరసనాయిలు తొట్టి, వత్తి పెట్టే చోటు, వెనక పైకి పోయే పొగగొట్టం. నల్లటి గొట్టాల మీద వేలు రాసి చూశాను. లోపల చల్లదనం పుట్టించే మందు కారిపోయి ఉంటే పసుప్పచ్చ పొడి అంటుతుందని మునిరత్నం చెప్పి పంపాడు. దుమ్ము తప్ప ఏమీ అంటలేదు. పెట్టె బతికే ఉంది.

"ఐదు వేలిచ్చి ఎత్తుకుపోండి," అన్నాడు దొరసామి. "శుక్రవారం కొత్త మగ్గం వస్తాది. ఈ మూల ఖాళీ కావల్ల. మీరు వద్దంటే పాత ఇనుమోడికి ఏస్తా."

నేను పాతిక వేల దాకా ఇవ్వడానికి సిద్ధపడి వచ్చాను. నోరు మూసుకుని కూర్చున్నాను. మునెమ్మ కాఫీ కలుపుతూ ఆ పెట్టె కథ చెప్పింది.

వాళ్ళ నాయన గోవిందప్ప చేనేత మగ్గం మీద పనిచేసేవాడు. మదనపల్లె వైపు ఏదో ఎస్టేటు బంగళా సామాన్ల వేలంలో దీన్ని చూశాడు. అక్కడ ఐసు కట్టడం కళ్ళారా చూశాడు. బస్టాండు దగ్గర చల్లని సోడా అంగడి పెట్టాలని ఆశపడి, భార్య కమ్మలు అమ్మి కొని తెచ్చాడు. ఊరంతా చూడటానికొచ్చింది. నెల రోజులు దీపం వెలిగించాడు. ఒక్క చుక్క చల్లబడలేదు. ఎవరో దొరల సామానని అంటగట్టి మోసం చేశారని ఊరు తేల్చేసింది. ఆ ఇంటికి ఐసుపెట్టె ఇల్లని పేరు పడింది.

"ఇస్కూల్లో నన్ను అదే పేరుతో పిల్సినారు. పెండ్లి సూపులకాడా అదే పేరే," అన్నాడు దొరసామి.

"బంగళాలో ఐసు సూసినా, నా కండ్లతో సూసినా అంటా ఉండేవాడు," అంది మునెమ్మ. "ఎవురూ నమ్మలా. మేమూ నమ్మలా. సచ్చిపోయేదాంకా ఇంకొకరింట్లో గూడా చల్లనీళ్ళు తాగలా నాయన."

అప్పుడు జరిగింది ఒక చిన్న సంగతి. ఆవిడ ఒళ్ళో ఉన్న నూలు కండె జారి నేలమీద పడింది. పడి ఆగలేదు. నెమ్మదిగా దొర్లుకుంటూ ఫ్రిజ్ ముందు నుంచి, మా చాప పక్క నుంచి, గది అవతల ఈశాన్యం మూలకు పోయి గోడకు తగిలి నిలిచింది.

"ఈ నేల ఇంత వాలుగా ఉందేంటమ్మా?" అన్నాను.

"నాయన కట్టించినాడు గదన్నా. యా మూల చెంబుడు నీళ్ళు పోసినా ఈశాన్యానికి పోవల్లని మేస్త్రిని నిలబెట్టి సేయించినాడు. వాస్తు అంటే అంత పట్టింపు. ఈ పెట్టెలో అగ్గి ఉంటాది గాబట్టి ఆగ్నేయంలోనే పెట్టినాడు."

నాకు మొత్తం అర్థమైపోయింది. అర్థమైన మరుక్షణం చెప్పానని రాస్తే బాగుంటుంది కానీ అబద్ధం. కాఫీ గ్లాసు ఖాళీ అయ్యేదాకా చెప్పలేదు. చెప్పకపోతే ఐదు వేలకు నా పన్నెండో పేజీ నిండుతుంది. చెప్తే ఈ పెట్టె ఈ గడప దాటదు. సులోచన నా వైపే చూస్తోంది. ముప్పై ఏళ్ళ కాపురంలో నా మౌనాలన్నీ ఆవిడకు కంఠతా వచ్చు.

"ఏంటండీ, ఏదో మింగినట్టు కూర్చున్నారు?" అంది.

చెప్పేశాను. "ఇందులో మోటారు లేదమ్మా. లోపలి మందు దీపం వేడికి పైకెక్కి, చల్లబడి, దానంతటదే పల్లానికి పారి తిరిగి రావాలి. అందుకని పెట్టె నీటిమట్టంగా నిలబడాలి. మీ నేల వాలు. నెల కాదు, ఏడాది వెలిగించినా చల్లబడదు."

గోవిందప్ప వాస్తు ప్రకారం ఒక్క తప్పూ చెయ్యలేదు. కాస్త అజాగ్రత్త మనిషి అయ్యుంటే ఊళ్ళో మొదటి చల్లని సోడా ఆయనే అమ్మేవాడు.

"అంటే నాయన మోసపోలేదా?" అంది మునెమ్మ.

"వెలిగించి చూస్తే గాని చెప్పలేను. ఇన్నేళ్ళు కదలకుండా ఉంది కాబట్టి ముందు ఒక రోజంతా తలకిందులుగా పెట్టాలి. పేరుకున్నది కరిగి కదులుతుంది."

దొరసామి లేచి నిలబడ్డాడు. "ఎందుకబ్బా మళ్ళా? ఒగసారి నవ్వినారు, సాలదా? ఈసారి గూడా చల్లబడకపోతే నా మనవళ్ళకు గూడా ఇదే పేరు."

మునెమ్మ తమ్ముడి వైపు చూడకుండానే అంది. "మనుషుల్ని పిలువు. తిప్పల్ల."

నలుగురు మనుషులు కలిసి పెట్టెను బోర్లించారు. గుమ్మం నిండా జనం. "ఐసుపెట్టె శీర్షాసనం ఏసింది," అన్నారెవరో. దొరసామి తల వంచుకున్నాడు. నేను మాత్రం చెవి ఆనించి విన్నాను. లోపల గడగడమని శబ్దం, ఆకలేసిన కడుపులాగా. ఆ శబ్దం వినిపించాలని మునిరత్నం ఫోన్లో ముందే చెప్పాడు.

అలిపిరి, కొండ

మర్నాడు మా దర్శనం. అలిపిరి నుంచి నడిచి ఎక్కాలని సులోచన మొక్కు. మెట్టు మెట్టుకూ పసుపూ కుంకుమా రాస్తూ ఎక్కే ఆడవాళ్ళ వెనక, నేను ఫోన్ చూసుకుంటూ ఎక్కాను. దారిలో ఉప్పూకారం చల్లిన మామిడికాయ ముక్కలు ముప్పై రూపాయలు. మోకాళ్ళు పట్టేశాయి. సులోచనకు ఏమీ పట్టలేదు. ఆవిడ పైన కూర్చుని నా కోసం ఎదురు చూస్తూ, ఫ్రిజ్‌లు మొయ్యగలిగిన మనిషి తనను తాను మొయ్యలేకపోతున్నాడని పక్కన కూర్చున్న ఎవరితోనో చెబుతోంది.

లోపల స్వామి ముందు నిలబడ్డది రెండు క్షణాలు. ఆ రెండు క్షణాల్లో నేను కోరుకున్నది ఒక్కటే, ఆ పెట్టె చల్లబడాలని. నాకు దక్కాలని కోరుకోలేదన్న సంగతి లడ్డూల వరసలో నిలబడ్డాక గాని గుర్తుకు రాలేదు. అప్పుడు బాధేసింది కూడా.

సాయంత్రం దొరసామి ఫోన్ చేశాడు. "నిలబెట్టినాంలే అబ్బా. అక్క అదే మూలలో పెట్టమంటాది. వేరే చోట వద్దంటాది."

మళ్ళీ నగరి

శుక్రవారం ఎనిమిదింటికల్లా నగరిలో ఉన్నాం. పళ్ళెం నిండా నీళ్ళు పోసి ఫ్రిజ్ మీద పెట్టాను. నీళ్ళు ఒక పక్కకే పోయాయి. వాలు వైపు రెండు కాళ్ళ కింద చెక్కలు పెట్టాలి. దొరసామి అటక మీద వెతికి వాళ్ళ నాయన పాత మగ్గం చెక్క తెచ్చి కోశాడు. మూడోసారికి పళ్ళెంలో నీళ్ళు అంచు అంతటా సమంగా నిలిచాయి.

పాత వత్తి పొడి అయిపోయింది. బజారులో దొరికేది కాదు. మునెమ్మ నూలు పోగులు తీసుకుని, తొట్టి మూతి కొలత చూసి, అరగంటలో వత్తి అల్లేసింది. నేను ముప్పై రెండేళ్ళలో ఇంత చక్కటి విడిభాగం చూడలేదు. మగ్గాల జిడ్డు కడగడానికి దాచుకున్న కిరసనాయిలు తొట్టిలో పోశాం. లోపల ఐసు గిన్నె నిండా నీళ్ళు పోసి పెట్టాం, దీపం ఆవిడే వెలిగించింది. మంట ముందు పచ్చగా పొగలాడి, వత్తి తగ్గించాక నీలంగా నిలబడింది.

ఇక కూర్చోవడమే. వీధిలోని జనం వచ్చి చూసి పోతున్నారు. పదకొండింటికి వెనక గొట్టం పైన వేడెక్కింది. మధ్యాహ్నానికి లోపల చెయ్యి పెడితే గది ఎలా ఉందో లోపలా అలాగే ఉంది. సాంబారన్నం, వాళ్ళు ఉర్లగడ్డ అనే బంగాళాదుంప వేపుడు, అప్పడం పెట్టారు. దొరసామి సరిగా తినలేదు. ఒంటిగంటన్నరకు కూడా తేడా లేదు. నాకు తెలిసినదంతా తప్పేమో, వీళ్ళను రెండోసారి నవ్వులపాలు చేశానేమో అని నిజంగా భయపడ్డాను. నా వృత్తిలో నాకు భయమేసింది ఆ ఒక్క గంటే.

మూడు దాటాక సులోచన మంచినీళ్ళు తాగుదామని లేచి, దారిలో ఫ్రిజ్ తలుపు పిడి లాగింది. టక్కుమని తెరుచుకుంది. లోపల చెయ్యి పెట్టి, తీసి, తన బుగ్గకు ఆనించుకుంది.

"ఏవండీ, ఇలా రండి."

ఐసు గిన్నె కింద రేకుకు వేలు తగిలిస్తే అతుక్కుంది. రేకు మీద తెల్లగా పొగమంచు. గిన్నెలో నీళ్ళ మీద సన్నటి పొర కడుతోంది. ఇంత జరుగుతున్నా పెట్టె నుంచి చిన్న చప్పుడు కూడా లేదు. అడుగున దీపం, అంతే.

మునెమ్మ స్టీలు గ్లాసులో ఆ నీళ్ళు పోసుకుంది. తాగలేదు. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని నేలమీద కూర్చుండిపోయింది. "సూసినా అని జెప్పినాడు," అంది. "జెప్పినాడు గదరా దొరసామీ. మనం నమ్మలా." దొరసామి మగ్గాల గదిలోకి వెళ్ళి ఒక్కొక్కటిగా మగ్గాలన్నీ ఆపేశాడు. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం నేను వినలేదు. తిరిగొచ్చి అక్క చేతిలో గ్లాసు తీసుకుని ఒక్క గుక్క తాగి, మళ్ళీ ఆవిడకే ఇచ్చాడు. అప్పుడు ఆవిడా తాగింది. నాకు కళ్ళు చెమర్చాయి, దాచుకోవడానికి వత్తి సర్దుతున్నట్టు వంగాను.

సాయంత్రానికి ఐసు గట్టిపడింది. మునెమ్మ సోడాలు తెప్పించి, ఐసు ముక్కలేసి, గుమ్మంలో నిలబడి వీధివీధంతా పంచింది. మొదటి గ్లాసు నూలు ఆరేసుకునే ఆవిడకిచ్చింది. ఆవిడ ఈసారి నవ్వలేదు.

నేను ధర మాట ఎత్తలేదు, వాళ్ళూ ఎత్తలేదు. "పన్నెండో సవతి తప్పింది," అని సులోచన నా చెవిలో అంది. నా నోటుపుస్తకంలో ఆ పేజీ మాత్రం నింపాను. ఎప్పటిది అన్నచోట తెలియదు అని, ఎవరిది అన్నచోట నగరి గోవిందప్పది అని రాసుకున్నాను.

మేం సంచులు తీసుకుని బయల్దేరుతుంటే దొరసామి ఫోన్ మోగింది. కొత్త మగ్గం తెస్తున్న లారీ డ్రైవరు, ఊళ్ళోకి వచ్చి ఇల్లు తెలియక తిరుగుతున్నాడు. దొరసామి అలవాటు ప్రకారం డోర్ నెంబరు మొదలుపెట్టి మధ్యలో ఆగాడు.

"అదొద్దులే అబ్బా," అన్నాడు. "ఐసుపెట్టె ఇల్లు యాడ అని అడుగు. ఎవురైనా సూపిస్తారు."

ఫోన్ పెట్టేసి, కొత్త మగ్గాన్ని ఆ మూలలో కాకుండా ముందు వసారాలో దించాలని పనివాళ్ళకు చెప్పడానికి లోపలికి వెళ్ళాడు.